పన్నెండు గంటల ఎండపొడ

సుగుణ సిరిసిల్లలో టీచరుగా రిటైరైన నాడు సన్మానానికి రమ్మని నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులని చెప్పి పోలేదు. అబద్ధం. ఆ వారమే ధర్మపురికి పోయి, గోదావరి మెట్లన్నీ దిగి, స్నానం చేసి, మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి వచ్చాను. అసలు కారణం ఓర్వలేనితనం. శాలువాల మధ్య నుంచి ఆమె మొహం కాస్తంత కనబడుతున్న ఫోటోలు ఫోనుకు వస్తే, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, ఆ చీర రంగు ఆమెకు నప్పలేదని తేల్చుకున్నాక గానీ నాకు ముద్ద దిగలేదు. అరవై దాటిన మనిషికి ఇదేం బుద్ధి అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకుంటాను. అనుకుంటే పోయే జబ్బయితే పద్నాలుగో ఏటనే పోయేది.

పోయిన నెల కోరుట్ల ఇంట్లో నడిమింటి బండలు తీసేసి టైల్స్ వేయిద్దామని పని పెట్టాను. మేస్త్రీ గడ్డపారతో ఒక్కొక్క బండా లేపుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. "అమ్మా, జర గిటు రాండ్రి. బండల కింద గాజు ముక్కలు పాతిపెట్టిండ్రు, ఏంది గిది? సూడుండ్రి, ఎవలో వరుస వెట్టినట్టే ఉన్నయి" అన్నాడు. పోయి చూశాను. పాత మట్టి నేల పెళ్లలుగా లేచిన చోట, వేలిగోరంత ఆకుపచ్చ గాజు ముక్కలు. ఒకదాని వెనక ఒకటి, గోడ దాకా, కొంచెం వంపు తిరిగిన బాట పట్టి ఉన్నాయి. ఆ బాటకు జానెడు దూరంలో, గడప దిక్కుగా, ఒంటరిగా ఒక నీలం ముక్క. నేను ఆ మట్టిలోనే చతికిలబడ్డాను. మేస్త్రీ కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

ఆ ఇల్లు మా తాతది. పెగడపల్లి దిక్కు ఒక ఊరికి మా వాళ్లు ఒకప్పుడు దొరలు. భూములు పోయాక తాత కోరుట్లకు వచ్చి రైసుమిల్లులో వాటా తీసుకున్నాడు. భూములైతే పోయాయి గానీ పంచాయితీలు పోలేదు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా, ఊరి నుంచి బస్సెక్కి వచ్చి మా నడిమింట్లో నేల మీద కూర్చునేవాళ్లు. తాత దగ్గరికి పోతే తవుడు వాసన, చుట్ట వాసన కలిసి వచ్చేవి. తీర్పు చెప్పడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. సాక్షి చెప్పేదంతా కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత అందరికీ చాయ్ పోయించి, వానల గురించీ ఎడ్ల గురించీ మాట్లాడి, సాక్షి ఏమరుపాటుగా ఉన్నప్పుడు అదే ప్రశ్న మళ్లీ అడిగేవాడు. ఒక్క మాట తేడా వచ్చినా చేతికర్రతో నేల మీద కొట్టి, "సాక్షి తప్పిండు. కేసు లేదు, లేవుండ్రి" అనేవాడు. మిగతా తొంభై తొమ్మిది మాటలు నిజమైనా సరే, అంతే. ఆ పద్ధతికి చుట్టుపక్కల మంచి పేరు. నాకూ గర్వంగా ఉండేది. ఇంకొక గర్వం కూడా ఉండేది. ఆయన్ని తాత అని పిలిచే హక్కు లోకంలో నాకొక్కదానికే ఉంది. మిగతా అందరికీ ఆయన దొర.

సుగుణ వాళ్లది రుద్రంగి, కాపుదనపు కుటుంబం. వాళ్ల బాపు మస్కట్‌లో ఉండేవాడు. పిల్లను కోరుట్ల బడిలో చదివిద్దామని తల్లి లచ్చవ్వ మా ఇంటి పక్క అర్రల్లో కిరాయికి దిగింది. లచ్చవ్వ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తడి తునికాకు వాసన మా వాకిలి దాకా వచ్చేది. సుగుణ పుస్తకాన్ని గోడకు ఆనించి, చూపు అక్షరాల మీదా వేళ్లు ఆకు మీదా పెట్టి, రెండు పనులూ ఒక్కసారే చేసేది. నేను కూడా చుట్టి చూపిస్తానని కూర్చుని పది ఆకులు చింపి లేచాను. అక్కడ మొదలైంది నా కుళ్లు. వచ్చిన రెండో రోజే ఆ పిల్ల తాతను చూసి చేతులు కట్టుకుని "దొరా" అంటే, ఆయన నవ్వి, "దొర లేడు, గిర లేడు. తాత అనుకో బిడ్డా" అన్నాడు. ఆ పూట నేను అన్నం తిననని అలిగాను. ఎందుకు అలిగానో ఎవరూ అడగలేదు. అలగడంలో అంతకంటే పెద్ద అవమానం లేదు.

తొమ్మిదో తరగతిలో సైన్సు సారు, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని పాఠం చెప్పాడు. ఇంటికొచ్చి తాతకు గొప్పగా వినిపించాను. ఆయన చుట్ట పక్కన పెట్టి పంచాయితీకి కూర్చున్నట్టే కూర్చున్నాడు. "భూమి గట్ల ఉరుకుతుంటే మన బాయిల నీళ్లు ఒలకవా? మిల్లు మీదికెళ్లి లేసిన పావురం మళ్ల గదే మిల్లు మీద ఎట్ల వాలుతది? సాక్ష్యమేంది?" అన్నాడు. "సారు చెప్పిండు తాతా" అన్నాను. "సారు జెప్తే సాక్ష్యమెట్లయితది? సారు సూసిండా?" నేను పుస్తకం తీసి పేజీలు తిప్పాను. వాకిట్లో ఆకులు కత్తిరిస్తున్న సుగుణ తలెత్తకుండానే అంది: "తాతా, మొన్న రుద్రంగికెళ్లి బస్సుల పాల సర్వ పట్టుకొని అచ్చిన. బస్సు సమంగ పోయినంత సేపు సుక్క ఒలకలే. డ్రైవర్ బిరేకు కొడితెనే ఒలికింది. భూమి బిరేకు కొట్టది గద." తాత భుజాలు కదిలిపోయేట్టు నవ్వాడు. పద్నాలుగేళ్లలో నేను ఆయన్ని ఒక్కసారి కూడా అట్లా నవ్వించలేదు. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందా అని పళ్లు బిగపట్టుకుని చూశాను.

"ఒలకకపోతే కదుల్తలేదని తేలదు, నిజమే. అట్లని కదులుతున్నదని గూడ తేలలే" అని తాత నవ్వాక తీర్పు చెప్పాడు. ఆ మాట సుగుణకు పట్టుకుంది. ఆ ఎండాకాలం కోతులు మా ఇంటి మీద పడి నడిమింటి కప్పులో ఒక పెంకుకు చిల్లు చేశాయి. ఆ చిల్లులోంచి రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద ఎండపొడ నేల మీద పడేది. పన్నెండింటికి మిల్లు సైరన్ కొట్టినప్పుడు అది ఒక వారం ఉన్న చోట ఇంకో వారం ఉండటం లేదని సుగుణ కనిపెట్టింది. పోయి సారును అడిగింది. సారు చెప్పింది మా అందరికీ అప్పజెప్పింది. భూమి నిలబడి, సూర్యుడే రోజూ ఒక్క తీరుగా చుట్టూ తిరుగుతుంటే, పన్నెండింటికి ఆ పొడ ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ పోవాలి. పక్కలకు జరగొద్దు. కానీ భూమి ఒరిగి తిరుగుతుంది, సూర్యుడి చుట్టూ పోయే దారిలో కొన్నాళ్లు వేగంగా, కొన్నాళ్లు నిదానంగా పోతుంది. అందుకని ఏడాది పొడుగునా గుర్తులు పెడితే సన్నగా సాగదీసిన ఎనిమిది అంకె వస్తుందట. "అచ్చినంక సూద్దాం" అన్నాడు తాత. చిల్లు పెంకు మార్చడానికి వచ్చిన మనిషిని వెనక్కి పంపాడు. వానాకాలమంతా అక్కడ గంగాళం పెట్టి నీళ్లు పట్టుకున్నాం. అంతకు ముందు నా గది కిటికీ రెక్క ఊడిందని నెల రోజులు మొత్తుకున్నా వడ్రంగం చేసే వడ్లాయన్ని పిలిపించని మనిషి ఆయన!

సుగుణ ప్రతి ఆదివారం సైరన్ మోగగానే, ఎండపొడ నడుమ ఒక గాజు ముక్క మట్టిలోకి వత్తేది. పగిలిన గాజులు లచ్చవ్వవి, ఆకుపచ్చవి. మబ్బుపట్టిన ఆదివారాలు ఖాళీగా పోయేవి. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం నడిమింటికి పేడ అలుకు పెట్టే పని నాది. ముక్కల మీదికి పేడ రాకుండా వాటి చుట్టూ వేలితో అలకమని తాత ఆజ్ఞ. ఆమె గాజు పెంకుల చుట్టూ నేను మోకాళ్ల మీద పాక్కుంటూ అలకడం! అమ్మ చూసి, "మా వసంతకు ఓపిక అచ్చింది" అని మురిసిపోయేది. ఆ మురిపెం కూడా నాకు రావలసిన కారణానికి వచ్చింది కాదు.

దసరా అయిపోయిన రోజుల్లో ఒకసారి తాత లచ్చవ్వను అడిగాడు. "పది అయినంక పిల్లను ఏంజేస్తవు?" లచ్చవ్వ చాట మీంచి చేయి తీయకుండా, "ఏముంది దొరా, సదువు సాలని మస్కట్‌కెళ్లి ఉత్తరమచ్చింది. నా పక్కన బీడీలకు కూసుంటది" అంది. సుగుణ వేళ్లు ఆగిపోయాయి. నేను చూశాను. తాత కూడా చూశాడు. "బిడ్డా, నువ్వు భూమి కదులుతదని నాకు రుజువు జెయ్యి. మీ బాపుకు నేనే ఉత్తరం రాస్త. నా మాట కాదనడు. జగిత్యాల కాలేజిల మా వసంత పక్కన నువ్వు గూడ కూసుంటవు" అన్నాడు. మా వసంత పక్కన. ఆ మాట నాకు మింగుడు పడలేదు. జగిత్యాల పోవడం నాకు ఎప్పుడో ఖాయమైంది. అక్కడైనా, ఆ పిల్ల లేని చోట, తెలివైనది ఎవరంటే నా పేరు చెబుతారని లోలోపల ఎంతో ఆశపడ్డాను. ఇప్పుడు అక్కడికీ వస్తుందన్నమాట.

మాఘమాసంలో సుగుణ వాళ్ల చిన్నాయన కూతురి పెళ్లికి రుద్రంగి పోవలసి వచ్చింది. ఆదివారం తప్పిపోతుందని ఏడుపు మొహం పెట్టి నా దగ్గరికి వచ్చింది. "వసంతా, నువ్వు తప్ప నాకెవలున్నరే? సైరన్ కొట్టంగనే పొడ నడుమ ముక్క వెట్టు. జర సుత ఇటు అటు కావద్దు" అని ఒక ఆకుపచ్చ ముక్క చేతిలో పెట్టింది. పెట్టనని చెబితే అయిపోయేది. మరిచిపోయానన్నా ఒక ఖాళీ మిగిలేది, అంతే. నేను అట్లా చేయలేదు. ఆదివారం సైరన్ మోగింది. ఇంట్లో ఎవరూ లేరు. ఎండపొడ మట్టి మీద గుండ్రంగా, నిశ్చింతగా ఉంది. నేను దాని పక్కన కూర్చుని, అది జరిగిపోయేదాకా చూసి, తర్వాత జానెడు దూరంలో గడప దిక్కుగా ముక్కను వత్తాను. గట్టిగా వత్తేసరికి ఆమె ఇచ్చిన ముక్క గోరు సందున విరిగి పొడి అయింది. అప్పుడు నా చేతి గాజు ఒకటి గడపకేసి కొట్టి, ఆ ముక్క పెట్టాను. నావి నీలం గాజులు. ధర్మపురి జాతరలో తాత కొనిచ్చినవి. వచ్చాక సుగుణ చూసింది. రంగు మారిందేమని కూడా అడగలేదు. సరిగ్గా పెట్టినవా అని మాత్రం అడిగింది. "ఆఁ" అన్నాను.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారమే తాత పంచాయితీ పెట్టాడు. మిల్లు గుమాస్తా, అమ్మ, లచ్చవ్వ, నేను చుట్టూ నిలబడ్డాం. సుగుణ జొన్నపిండి తెచ్చి ముక్కకూ ముక్కకూ మధ్య గీత గీసింది. గోడ దాకా పొడుగ్గా, సన్నగా, ఎనిమిది అంకె నిజంగానే నేల మీద లేచి కూర్చుంది. గుమాస్తా "అబ్బ!" అన్నాడు. తాత కర్ర పట్టుకుని దాని వెంట నడిచాడు. నడిచి నడిచి నీలం ముక్క దగ్గర ఆగాడు. "అన్నీ ఒక్క తొవ్వ వట్టినయి. గిదొక్కటి గడప దిక్కు ఎందుకు వోయింది?" సుగుణ ఆ ముక్కను చూసింది. తర్వాత నా చేతులను చూసింది. నా చేతులకు ఎర్ర గాజులున్నాయి. పొద్దున్నే మార్చుకున్నాను. ఆమె మొహంలో అంతా అర్థమైన మార్పు ఒకటి వచ్చి పోయింది. ఇప్పుడు నా పేరు చెబుతుందని గోడను పట్టుకుని నిలబడ్డాను. "చెయ్యి జారింది తాతా. తప్పు నాదే" అంది. చాయ్ వచ్చింది. తాత వానల గురించి మాట్లాడాడు. చాయ్ అయిపోయాక మళ్లీ అడిగాడు. "గా ముక్క ఎవలు వెట్టిండ్రు బిడ్డా?" "నేనే తాతా." కర్ర నేల మీద తగిలింది, ఎప్పటంత గట్టిగా కాదు. "ఒక్క ముక్క తప్పింది, సాక్షి తప్పిండు. కేసు లేదు" అన్నాడు. లేవుండ్రి అని మాత్రం అనలేదు. తనే లేచి పోయాడు.

ఆ శుక్రవారం నడిమింటిని నేను రెండు పూతలు మందంగా అలికాను. ఈసారి ముక్కల చుట్టూ వేలితో అలకమని ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్లకు దాని మీద బండలు పరిచారు. మస్కట్‌కు ఉత్తరం పోలేదు. సుగుణ రెండేళ్లు తల్లి పక్కన బీడీలు చుట్టి, తర్వాత సిరిసిల్లలో మేనమామ ఇంట్లో ఉండి, ప్రైవేటుగా పరీక్షలు రాసి టీచరైంది. నేను జగిత్యాల కాలేజీలో కోరుకున్నట్టే ఒక్కదాన్ని కూర్చున్నాను. తెలివైనది ఎవరంటే అక్కడ ఎవరూ నా పేరు చెప్పలేదు. కుళ్లుకోవడానికి పక్కన సుగుణ లేకపోతే నాకు చదువు మీద ధ్యాసే కుదరలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. అయినా ఆమె మీద కోపం పోలేదు. నా పేరు చెప్పి ఉంటే ఇద్దరం చెల్లుకు చెల్లు అయ్యేవాళ్లం. అంత మంచితనం నా మీద రుద్ది పోయిందని ఇన్నేళ్లూ పళ్లు నూరుకున్నాను.

మేస్త్రీని రెండు రోజులు ఆగమని చెప్పి సుగుణకు ఫోన్ చేశాను. మొదటి బస్సుకే వచ్చింది. ఆమె మోకాళ్లు నా వాటికంటే బాగున్నాయి, అదొక మంట. మట్టిలో గొంతుక్కూర్చుని ఒక్కో ముక్కనూ వేలితో తుడిచింది. ఇప్పుడు మిల్లు లేదు, ఆ జాగాలో ఫంక్షన్ హాలు వచ్చింది. కప్పు మీద పెంకుల బదులు స్లాబు. పన్నెండయిందని చెప్పడానికి ఎవరి జేబులోని ఫోను వాళ్లకు ఉంది. భూమి తిరగడం చూపించమంటే పిల్లలు ఫోనులో కదిలే బొమ్మ ఒకటి తీసి ముందర పెడతారు. ఏడాది పాటు ఒక చిల్లును కాపాడమంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

"నిజం జెప్పాల్నంటే గిది పూర్తి సాక్ష్యం గాదే వసంతా" అంది సుగుణ. "తాత ఇంక రెండు ప్రశ్నలడిగితే నేను ఆగమయ్యేదాన్ని. సూర్యుడే గట్ల వంకరగ తిరుగుతుండు అంటే ఏం జెప్పేదాన్ని? అసలు సాక్ష్యం ఆకాశంల సుక్కలల్ల ఉంటది. ఏదీ, బొటనవేలు కండ్ల ముందట వెట్టుకో. ఒక కన్ను మూసి సూడు, మళ్ల ఇంకో కన్ను మూసి సూడు. వేలు జరిగినట్టు కొడ్తది గద? వేలు జరుగలే, నువ్వు సూసే జాగ మారింది. గట్లనే ఆర్నెల్లకు భూమి సూర్యునికి అటు కొసకు వోయినంక సూత్తే, దగ్గరి సుక్క దూరపు సుక్కల నడుమ జరిగినట్టు కొడ్తది. గది కొలిసినంకనే గట్టిగ రుజువైంది." అరవై దాటిన ఇద్దరం మట్టిలో కూర్చుని ఒక కన్ను మూసి వేళ్లు చూసుకుంటుంటే మేస్త్రీ మొహం తిప్పుకుని నవ్వాడు.

ఇంక ఆగలేక అనేశాను. "నీలం ముక్క నేను కావాల్ననే దూరం వెట్టిన సుగుణా."

"నాకెరుక."

"ఎరుకైతే నా పేరు ఎందుకు చెప్పలే? మంచిదానివి అనిపించుకోవాల్ననా?"

ఆమె చేతులు దులుపుకుంది. "నేను జెప్పుడేంది? తాతకే ఎరుక. గా దినం పొద్దుమూకేటాళ్లకు మా అర్ర కాడికచ్చిండు. దొర మా గడప కాడికి అచ్చుడు గదే మొదలు, గదే ఆఖరు. 'గా గాజులు కొన్నది నేనే బిడ్డా, నాకు తెల్వదా?' అన్నడు. 'మరి కేసు ఎందుకు కొట్టేసినవు తాతా' అన్న. 'నిజం జెప్తె నలుగురి ముందట నా మనుమరాలు దొంగ సాక్షి అయితది. నువ్వు తట్టుకుంటవు. అది తట్టుకోది' అన్నడు. ఉత్తరం గురించి అడిగితే తల వంచుకున్నడు. కేసు కొట్టేసి ఉత్తరం ఎట్ల రాసిండని నువ్వు అడుగుతవట. నీకు జవాబు జెప్పాల్సి అస్తదట, ఆయనకు ఎరుకన్న సంగతి బయటవడ్తదట."

ఒక్క తప్పు మాటకు తీర్పు తిప్పేసే మనిషి, నా కోసం తెలిసి తెలిసి తప్పు తీర్పు చెప్పాడు. ఆయన ప్రేమ అంతా ఆ పిల్ల ఎత్తుకుపోయిందని నేను ఇన్నేళ్లు ఏడ్చాను. అది మొత్తం నా దగ్గరే ఉంది. సుగుణ రెండేళ్లు బీడీలు చుట్టింది అందుకే.

"గప్పుడు నీ మీద నాకు ఎంత కుళ్లు లేసిందో ఎరుకనా నీకు?" అంది సుగుణ. "కాలేజి వోయినందుకు గాదే. కాలేజి ఎట్లనో అట్ల సదువుకున్న. నా కోసం గూడ ఎవలన్న ఒక్కలు గట్ల తప్పు తీర్పు జెప్పాలె అనిపిచ్చింది. మా బాపు మూడేండ్లకోసారి అచ్చేటోడు, పెట్టె ఇప్పేటోడు, పోయేటోడు. ఇప్పటికి సుత గది యాదికస్తే నాకు మంటనే."

మేస్త్రీ వచ్చి కంకర పోయాల్నా అని అడిగాడు. సుగుణ ఆకుపచ్చ ముక్కలన్నీ ఏరి కొంగున ముడి వేసుకుంది. సిరిసిల్ల పిల్లలకు చూపిస్తుందట. నేను నీలం ముక్కను తీసి, తుడిచి, దాన్ని కూడా ఆమె చేతిలో పెట్టబోయాను. ఆమె నా వేళ్లు మూసేసింది.

"గది నువ్వే ఉంచుకో. తాత నీకిచ్చింది గద."